గోదావరి మీద ఫోన్ తెగకుండా: డీయూల మధ్య హ్యాండోవర్ సరిచేసే పద్ధతి

కోనసీమలో 5జీ సైట్లు చూడటానికి వచ్చే కొత్త ఇంజనీర్లు నన్ను మొదట అడిగేది దాదాపు ఒకటే: "అన్నా, ఏ3 ఆఫ్‌సెట్ ఎంత పెట్టమంటారు?" పక్క సెల్ ఇప్పుడున్న సెల్ కంటే ఎంత బలంగా వినపడితే ఫోన్ అటు మారాలో (ఈ మారడమే హ్యాండోవర్) చెప్పే అంకె అది. చెప్పడం తేలికే. కానీ ఆ అంకె దగ్గరికి వచ్చేలోపు మ్యాప్ మీద చేయాల్సిన పని చాలా ఉంది. అది చేయకుండా ఆఫ్‌సెట్లు ఎన్నిసార్లు మార్చినా ఏటి మీద కాల్స్ తెగుతూనే ఉంటాయి.

నాది రాజోలు. రాజమండ్రి కేంద్రంగా రేడియో ఆప్టిమైజేషన్ పని చేస్తాను. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మీదుగా మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటే వాళ్ల ఫోన్లు ఏ సెల్ పట్టుకుంటున్నాయి, ఎక్కడ వదిలేస్తున్నాయి అని చూడటమే నా ఉద్యోగం. ఇక్కడ పనిచేసి నేను గట్టిగా నమ్మేది ఇది: డెల్టాలో ఫోన్ జారిపోయేది పారామీటర్ల వల్ల తక్కువ, ఏ టవర్ ఏ యూనిట్ కింద ఉండాలో గీసిన గీతల వల్ల ఎక్కువ. అందుకే ఈ పద్ధతిలో గీతలు ముందు, అంకెలు తర్వాత.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 5జీ బేస్ స్టేషన్ ఇప్పుడు ఒకే పెట్టె కాదు. టవర్ మీద రేడియో యూనిట్ ఉంటుంది. దాని వెనక డీయూ (డిస్ట్రిబ్యూటెడ్ యూనిట్), అంటే ఆర్‌ఎల్‌సీ, మ్యాక్, ఫిజికల్ లేయర్ అనే, రేడియోకు దగ్గరి పనులు చూసే యూనిట్. దాని వెనక సీయూ (సెంట్రల్ యూనిట్). ఫోన్‌కు ఆజ్ఞలిచ్చే ఆర్‌ఆర్‌సీ, డేటా రకాలను విడదీసే ఎస్‌డీఏపీ, ప్యాకెట్లకు వరుస నంబర్లూ తాళమూ వేసే పీడీసీపీ అందులో ఉంటాయి. ఒక సీయూ కింద చాలా డీయూలు ఉండొచ్చు. డీయూకీ సీయూకీ మధ్య దారి పేరు ఎఫ్1, సీయూకీ సీయూకీ మధ్య ఎక్స్‌ఎన్.

గీతలు ఎక్కడ పడాలి

ఫోన్ సెల్ మారడం మూడు రకాలుగా జరుగుతుంది. రెండు సెల్స్ ఒకే డీయూలో ఉంటే అంతా ఆ డీయూ లోపలే తేలిపోతుంది కాబట్టి దాని గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. డీయూలు వేరైనా సీయూ ఒకటే అయితే, అది ఒకే దుకాణంలో కౌంటర్ మారినట్టు, ఖాతా పుస్తకం అదే. పీడీసీపీ కదలదు, కోర్ నెట్‌వర్క్‌కు కబురు వెళ్లదు, సెక్యూరిటీ కీ మార్చాలా వద్దా అన్నది కూడా సీయూ పాలసీని బట్టే ఉంటుంది. మూడో రకంలో సీయూనే మారిపోతుంది. అప్పుడు రెండు సీయూలు ఎక్స్‌ఎన్ మీద మాట్లాడుకోవాలి, కీ మారాలి, మిగిలిన డేటా ఫార్వర్డ్ కావాలి, కోర్ నెట్‌వర్క్‌లో ఫోన్ల కదలికలు చూసే ఏఎంఎఫ్‌కు, డేటా దారి మార్చమనే పాత్ స్విచ్ రిక్వెస్ట్ వెళ్లాలి. ఇదంతా సక్రమంగానే జరుగుతుంది. కాకపోతే తెగడానికి వీలున్న అతుకులు ఎక్కువ.

ఇప్పుడు మ్యాప్ తీసి జనం ఏరు దాటే చోట్లన్నీ గుర్తుపెట్టండి. 16వ నంబరు జాతీయ రహదారి మీద గౌతమికి జొన్నాడ–రావులపాలెం వంతెన, వసిష్ఠకు సిద్ధాంతం వంతెన. 216 మీద యానాం–ఎదుర్లంక, బోడసకుర్రు–పాశర్లపూడి, దిండి–చించినాడ. పైన రాజమండ్రి–కొవ్వూరు మధ్య రైలు వంతెనలు. ఇక పంటు (మనుషుల్నీ బండ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ) నడిచే రేవులు: కోటిపల్లి–ముక్తేశ్వరం, సఖినేటిపల్లి–నరసాపురం. చిన్న నాటు పడవల మీద లంక గ్రామాలకు వెళ్లే దారులు కూడా వదలొద్దు.

సాధారణంగా జరిగేది ఏమిటంటే, ప్లానింగ్ వాళ్లు జిల్లాల వారీగా సీయూలు పంచుతారు. జిల్లా హద్దు చాలా చోట్ల ఏటి వెంటే ఉంటుంది. దాంతో సీయూ గీత సరిగ్గా నీళ్ల మీద పడుతుంది. అన్నిటికంటే కష్టమైన హ్యాండోవర్, ఫోన్‌కు వేరే ఆసరా లేని చోటే జరగాల్సి వస్తుంది. అక్కడ ఒక్కసారి విఫలమైతే పట్టుకోవడానికి దగ్గరలో మూడో సెల్ ఉండదు.

కాబట్టి మొదటి పని, ప్రతి వంతెనకూ ప్రతి రేవుకూ రెండు గట్ల మీది సైట్లను ఒకే సీయూ కిందికి తేవడం. సీయూ గీతను ఏటికి దూరంగా, రెండు ఊళ్ల సెల్స్ బాగా కలిసే చోట, రాకపోకలు తక్కువ ఉన్న రోడ్డు మీదికి నెట్టండి. జిల్లా వారీ రిపోర్టులు పాడవుతాయని ఆఫీసులో ఎవరైనా అంటే, రిపోర్టును సైట్ పేర్లతో తీసుకోవచ్చని చెప్పండి.

మరి రెండు గట్లనూ ఒకే డీయూకి ఇచ్చేస్తే ఇంకా తేలిక కదా అంటారు. ఫ్రంట్‌హాల్ (రేడియో యూనిట్‌కూ డీయూకీ మధ్య లింక్) ఆలస్యం హద్దుల్లో ఉంటే, అంటే ఫైబర్ దూరం సుమారు 20 కిలోమీటర్ల లోపు ఉంటే, అది సాధ్యమే. నేను మాత్రం వద్దనే అంటాను. వరద రోజుల్లో ఆ ఒక్క డీయూకి కరెంటో ఫైబరో పోతే రెండు గట్లూ కలిసి చీకట్లోకి వెళ్తాయి. రెండు డీయూలు, ఒక సీయూ. డెల్టాకు ఈ అమరిక సరిపోతుంది.

ఇంకో అనుమానం తరచుగా వింటాను: సీయూ ఎక్కడో హైదరాబాదులో ఉంది, అంత దూరం వెళ్లి రావడం వల్లే హ్యాండోవర్ ఆలస్యమవుతోంది అని. లెక్క వేసి చూడండి. ఫైబర్‌లో కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు. 500 కిలోమీటర్లకు రెండున్నర మిల్లీసెకన్లు. ఫోన్ పంపిన రిపోర్టు పైకి వెళ్లడం, కొత్త డీయూకి కబురు రావడం, దాని జవాబు పైకి వెళ్లడం, ఫోన్‌కు ఆజ్ఞ దిగడం, మొత్తం నాలుగు ప్రయాణాలు. 10 మిల్లీసెకన్లు. మనం పెట్టే టైమ్-టు-ట్రిగరే (పక్క సెల్ బలంగా ఉందని రిపోర్టు పంపే ముందు ఫోన్ ఆగి చూసే సమయం) 320 మిల్లీసెకన్లు ఉంటుంది. కాబట్టి తప్పు దూరానిది కాదు. సాయంత్రం పూట ఎఫ్1 మీద ప్యాకెట్లు పోతున్నాయా, ఆలస్యం ఒక్కసారిగా ఎగిరి పడుతోందా అన్నది చూడండి. ఎఫ్1 కంట్రోల్ సందేశాలు ఎస్‌సీటీపీ అనే రవాణా ప్రోటోకాల్ మీద, 38472 పోర్టులో నడుస్తాయి. అక్కడ రీట్రాన్స్‌మిషన్లు కనపడితే ముందు ట్రాన్స్‌మిషన్ టీమ్‌ను కదిలించాలి, రేడియోను కాదు.

నైబర్లు, పీసీఐలు: నీళ్లు మోసుకొచ్చే సిగ్నల్

మెట్ట ప్రాంతంలో సిగ్నల్‌కు ఇళ్లు, చెట్లు, మిట్టలు అడ్డం పడతాయి. ఇక్కడ ఏరు, చెరువులు, ఉప్పుటేరు అంతా చదును. కొబ్బరితోట వెనక అర కిలోమీటరు కూడా సరిగా అందని 3.5 గిగాహెర్ట్జ్ సెల్, ఏటి వెంట కిలోమీటర్ల కొద్దీ వినపడుతుంది. అందువల్ల మ్యాప్ మీద పక్కపక్కన ఉన్న సైట్లను నైబర్లుగా (హ్యాండోవర్ ఇవ్వగల పక్క సెల్స్‌గా) పెడితే చాలదు. ఏటి వెంట ఎగువనా దిగువనా నీటికి ఎదురుగా చూసే ప్రతి సెక్టార్‌నూ జాబితాలో పరిశీలించాలి.

ఫోన్ ఒక సెల్‌ను గుర్తుపట్టే నంబరు ఫిజికల్ సెల్ ఐడీ (పీసీఐ). 5జీలో ఇవి మొత్తం 1008. సరిపడా ఉన్నట్టే కనిపిస్తాయి. చించినాడ వంతెన దగ్గర మాకు వచ్చిన కేసు చెబుతాను, ఎందుకంటే ఇలాంటిది కౌంటర్లలో చూస్తే అసలు అంతుపట్టదు. దిండి వైపు సెల్ నుంచి పాలకొల్లు వైపు సెల్‌కి హ్యాండోవర్లు మధ్యాహ్నం వరకూ బాగానే ఉంటాయి, కొన్ని పూటలు వరుసగా విఫలమవుతాయి. విఫలమైన ప్రతిసారీ సన్నాహం మాత్రం విజయవంతం. కొత్త డీయూ "సరే, పంపండి" అని జవాబిచ్చింది, ప్రత్యేక ప్రియాంబుల్ (కొత్త సెల్ తలుపు తట్టడానికి ఫోన్ పంపే మొదటి సంకేతం) కేటాయించింది, ఫోన్‌కు ఆజ్ఞ వెళ్లింది. తర్వాత ఆ డీయూకి ప్రియాంబుల్ రాలేదు.

డ్రైవ్ టెస్ట్ లాగ్ తెరిచి వంతెన మధ్యలో ఫోన్ కొలిచిన సెల్‌ను చూశాం. పీసీఐ మాకు కావలసినదే. కానీ దాని బలం వంతెన వెంట ముందుకు పోతున్న కొద్దీ పెరగాల్సింది పోయి, ఏటి వంపుకు ఎదురుగా వచ్చినప్పుడు పెరిగి, దాటగానే తగ్గుతోంది. అంటే ఫోన్ వింటున్నది వేరే సెల్. దిగువన ఏటికి ఎదురుగా ఉన్న ఇంకో సెక్టార్‌కూ అదే పీసీఐ ఇచ్చారు. ఫోన్ పీసీఐ మాత్రమే చెబుతుంది, సీయూ తన జాబితాలో ఆ పీసీఐ ఎవరిదో చూసి ఆ డీయూకే సన్నాహం చేయిస్తుంది. ఫోన్ మాత్రం ఇంకో టవర్ తలుపు తడుతోంది. దిగువ సెక్టార్ పీసీఐ మార్చాక సమస్య పోయింది.

దీన్నుంచి మీరు చేయాల్సినది: ఏటికి ఎదురుగా ఉన్న సెక్టార్లన్నిటినీ ఒక గుంపుగా పెట్టుకుని, ఆ గుంపులో ఏ పీసీఐ రెండుసార్లు రాకుండా చూడండి. నైబర్ల జాబితాను తనంతట తానే నడిపే ఆటోమేటిక్ నైబర్ ఫంక్షన్ ఆన్‌లో ఉన్నా ఈ పని చేతితో చేయండి. ప్రియాంబుల్స్ పుట్టే రూట్ సీక్వెన్సులకూ ఇదే గుంపు వాడండి. ఇంకొకటి, 30 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్‌తో చిన్న ప్రియాంబుల్ వాడే సెల్స్‌కు రాండమ్ యాక్సెస్ (ప్రియాంబుల్ పంపి సెల్‌లోకి రావడం) పరిధి ఎలా చూసినా 5 కిలోమీటర్లు దాటదు. అంతకంటే దూరం నుంచి ఫోన్ ఆ సెల్‌ను బలంగా విన్నా, లోపలికి రాలేదు. అలాంటి సెల్‌ను నైబర్‌గా ఉంచడం కంటే దాని యాంటెనా వంపు పెంచి, ఏటి మీదికి పారకుండా ఆపడం మేలు.

ఒక హ్యాండోవర్‌ను చివరిదాకా వెంబడించడం

లాగ్ చూసేటప్పుడు సందేశాల వరుస నోటికి వచ్చి ఉండాలి. ఫోన్ మెజర్‌మెంట్ రిపోర్ట్ పంపుతుంది. పాత డీయూ దాన్ని విప్పకుండా సీయూకి అందిస్తుంది. సీయూ కొత్త డీయూకి యూఈ కాంటెక్స్ట్ సెటప్ రిక్వెస్ట్ (యూఈ అంటే ఫోన్, దానికి చోటు సిద్ధం చేయమని) పంపుతుంది. కొత్త డీయూ చోటు ఉంటే కొత్త సీ-ఆర్‌ఎన్‌టీఐ (ఆ సెల్‌లో ఫోన్‌కు ఇచ్చే నంబరు), ప్రియాంబుల్, సెల్ గ్రూప్ కాన్ఫిగరేషన్‌తో జవాబిస్తుంది. సీయూ వాటితో ఆర్‌ఆర్‌సీ రీకాన్ఫిగరేషన్, అంటే ఫోన్‌కు మారమనే ఆజ్ఞ, తయారుచేసి, పాత డీయూకి యూఈ కాంటెక్స్ట్ మాడిఫికేషన్ రిక్వెస్ట్‌లో పెట్టి పంపి, ఆ ఫోన్‌కు డేటా పంపడం ఆపమంటుంది. పాత డీయూ ఎంతవరకు డేటా అందిందో సీయూకి లెక్క చెబుతుంది. అందని ప్యాకెట్లను పీడీసీపీ కొత్త డీయూ గుండా మళ్లీ పంపగలిగేది ఈ లెక్క వల్లే. ఫోన్ కొత్త సెల్‌లో రాండమ్ యాక్సెస్ చేసి, రీకాన్ఫిగరేషన్ కంప్లీట్ పంపాక, పాత డీయూలో దాని కాంటెక్స్ట్‌ను తీసేస్తారు.

ఎక్కడ తెగిందో చూస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుస్తుంది. కాంటెక్స్ట్ సెటప్‌కు ఫెయిల్యూర్ వస్తే కారణం చదవండి. రేడియో వనరులు లేవంటే రద్దీ. సెల్ అందుబాటులో లేదంటే డీయూలో సెల్ ఆగిపోయింది, లేదా సీయూలో నమోదు తప్పు. జవాబే రాకపోతే ఎఫ్1 దారి. సన్నాహం అయ్యి, టీ304 టైమర్ (కొత్త సెల్‌లోకి చేరడానికి ఫోన్‌కు ఉండే గడువు) ముగిసిపోతే రేడియో సమస్య, లేదా పైన చెప్పిన పీసీఐ గందరగోళం. ఆజ్ఞ అసలు ఫోన్‌కు చేరకపోతే ఆలస్యమైన హ్యాండోవర్: అప్పటికే పాత సెల్ సిగ్నల్ చచ్చిపోయింది.

ఫోన్ తెగిన తర్వాత ఎక్కడ తేలిందో కూడా చూడండి. పాత సెల్‌లో తెగి కొత్త సెల్‌లో రీఎస్టాబ్లిష్‌మెంట్ (తెగిన కనెక్షన్‌ను మళ్లీ కలపడం) అడిగితే ఆలస్యం. కొత్త సెల్‌కి వెళ్లిన వెంటనే తెగి పాత సెల్‌కే తిరిగొస్తే తొందర. మూడో సెల్‌లో తేలితే తప్పుడు సెల్‌కి పంపారు. ఈ మూడిటి నిష్పత్తి తెలియకుండా ఏ పారామీటరూ ముట్టుకోకండి.

ఇప్పుడు అంకెలు

నేను డెల్టాలో మొదలుపెట్టేది ఆఫ్‌సెట్ 3 డీబీ, హిస్టరిసిస్ 1 డీబీ, టైమ్-టు-ట్రిగర్ 320 మిల్లీసెకన్లు, ఫిల్టర్ కోఎఫిషియెంట్ 4. అంటే పక్క సెల్ ఆఫ్‌సెట్, హిస్టరిసిస్ కలిపి 4 డీబీ బలంగా, 320 మిల్లీసెకన్ల పాటు ఆగకుండా ఉండాలి. ఫిల్టర్ 4 అంటే కొత్త కొలతకు సగం, పాత సగటుకు సగం విలువ.

ఏటి మీద ఒకే అంకె రెండు చోట్ల రెండు విధాలుగా దెబ్బ తీస్తుంది. వంతెనా పంటూ ఒకే రకం అనుకోవద్దు.

వంతెన మీద బస్సు గంటకు 60 కిలోమీటర్లతో వెళ్తే 320 మిల్లీసెకన్లలో కదిలేది 5 మీటర్లు చిల్లర. 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు 9 మీటర్లు. నడి వంతెన మీద సిగ్నల్ నెమ్మదిగా మారుతుంది కాబట్టి ఈ దూరం లెక్కలోకి రాదు. ప్రమాదం వంతెన దిగాక ఉంది. రోడ్డు ఏటిగట్టు పక్కన కొబ్బరితోటల్లోకి మళ్లిన చోట, అవతలి గట్టు సెల్ ఒక్కసారిగా పడిపోతుంది. వర్షం పడి ఆకులు తడిస్తే ఇంకా ఎక్కువ. అప్పటికీ ఫోన్ అవతలి సెల్‌ను పట్టుకుని ఉంటే ఆజ్ఞ అందేలోపే తెగుతుంది. దీనికి మందు, దిగే వైపు సెల్‌కు సెల్ ఇండివిడ్యువల్ ఆఫ్‌సెట్ (ఆ ఒక్క పక్క సెల్‌కు ఇచ్చే అదనపు మొగ్గు) 2 డీబీ కలపడం. అప్పుడు 2 డీబీ తేడా చాలు, ఫోన్ ఇంకా నీళ్ల మీద ఉండగానే మారిపోతుంది. అప్పటికీ ఆలస్యాలు మిగిలితే ఫోన్ వదిలి రావాల్సిన అవతలి గట్టు సెల్‌లో మాత్రమే టైమ్-టు-ట్రిగర్ 160కి దించండి.

పంటు మీద వ్యవహారం దీనికి తలకిందులు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, రెయిలింగ్ పక్కన రెండు ఫోన్లతో నిలబడి లాగ్ తీస్తుంటే, నడి ఏటిలో రెండు గట్ల సెల్స్ 2, 3 డీబీ తేడాతో నిమిషాల తరబడి ఊగుతూ కనిపిస్తాయి. నీటి మీద నుంచి తిరిగొచ్చే ప్రతిఫలనం అసలు సిగ్నల్‌తో కలిసి ఒకసారి పెంచుతుంది, ఒకసారి తుంచుతుంది. నరసాపురం దగ్గర వసిష్ఠకు ఆటుపోట్లు తగులుతాయి. నీటి మట్టం మారితే ఈ పెరుగుదల తరుగుదల చోటు మారుతుంది. ఒకసారి పంటు నడిపే ఆయన, "ఆటు తీసిందండి, ఇసుక మేట తప్పించి చుట్టూ తిప్పుతాను" అన్నాడు. ఆ చుట్టుదారిలో వచ్చిన లాగ్ ఉదయం పోటు మీద తీసిన లాగ్‌తో పోలనే లేదు. కాబట్టి రేవుల దగ్గర ఆటుకూ పోటుకూ విడివిడిగా టెస్ట్ చేయాలి. ఇక్కడ తొందర పనికిరాదు: ఫిల్టర్ కోఎఫిషియెంట్ 8కి పెంచితే కొత్త కొలతకు పావు వంతే విలువ వస్తుంది, ఊగడం తగ్గుతుంది. టైమ్-టు-ట్రిగర్ 640 కూడా పెట్టొచ్చు. పంటు వేగానికి అది ఒకటి రెండు మీటర్ల దూరం. అయితే ఫిల్టర్ ఆ సెల్‌లో ఉన్న ఫోన్లు తీసే కొలతలన్నిటికీ వర్తిస్తుంది. అదే సెక్టార్ గట్టు మీది మెయిన్ రోడ్డును కూడా చూస్తుంటే టైమ్-టు-ట్రిగర్‌తోనే సరిపెట్టుకోండి.

సెల్ ఇండివిడ్యువల్ ఆఫ్‌సెట్ మార్చినప్పుడల్లా రెండు దిక్కులూ కలిపి చూడాలి. వెళ్లడానికి 2 డీబీ, తిరిగి రావడానికి 4 డీబీ అయితే మొత్తం 6, క్షేమం. ఎవరో ఒక దిక్కుకు, ఇంకెవరో రెండో దిక్కుకు చెరో 4 డీబీ కలిపేస్తే మొత్తం సున్నా. ఫోన్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, బ్యాటరీ కరిగిపోతుంది, ఎఫ్1 మీద సందేశాల మోత. నేను ఈ మొత్తాన్ని 4 కంటే కిందికి దిగనివ్వను.

కండిషనల్ హ్యాండోవర్ గురించి క్లుప్తంగా. 3జీపీపీ ప్రమాణాల రిలీజ్ 16లో వచ్చింది. సిగ్నల్ బాగున్నప్పుడే అవతలి సెల్స్‌లో సన్నాహం చేసి ఫోన్ చేతికి ఆజ్ఞ ఇచ్చేస్తారు, షరతు నెరవేరగానే ఫోనే మారిపోతుంది. గట్టు దిగగానే పడిపోయే చోట్లకు ఇది బాగా పనికొస్తుంది. అయితే ముందుగా చోటు పట్టి ఉంచుతుంది కాబట్టి ఒకటి రెండు సెల్స్‌కే పరిమితం చేయండి. రిలీజ్ 18లో వచ్చిన ఎల్‌టీఎం (ఎల్1/ఎల్2 ట్రిగర్డ్ మొబిలిటీ, కింది పొరల నుంచే సెల్ మార్చే పద్ధతి) ఇంకో అడుగు ముందుకెళ్లి, మారమనే ఆజ్ఞను మ్యాక్ స్థాయిలో డీయూ చేతనే ఇప్పిస్తుంది. రిలీజ్ 18లో అది ఒకే సీయూ కింది సెల్స్ మధ్యే పనిచేస్తుంది. రెండు గట్లనూ ఒకే సీయూలో పెట్టుకున్నవాళ్లకు ఆ దారి తెరిచి ఉంటుంది. రెండిటికీ ఫోన్ల మద్దతు ఉండాలి.

వరదలు, తీర్థాలు

జులై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం దగ్గర హెచ్చరికలు మొదలయ్యాయంటే, లంకల్లో సైట్లు ఒక్కొక్కటే డీజిల్ మీదికి, తర్వాత మౌనంలోకి వెళ్తాయి. వరద ముందే రెండు పనులు చేయండి. ఒకటి, ఎఫ్1 తెగినప్పుడు డీయూ తన సెల్స్ ప్రసారాన్ని నిజంగా ఆపుతోందా అని లింక్ తీసి చూడండి. ఆపకపోతే ఫోన్లు పనిచేయని సెల్‌ను కొలిచి అటే వెళ్లాలని చూస్తాయి, పక్కనున్న మంచి సెల్‌ను కాదని. రెండోది, లంకకు ఎదురుగా ఉన్న రెండు గట్ల సెల్స్ మధ్య నైబర్ సంబంధం ఉందో లేదో చూడండి. మామూలు రోజుల్లో లంక సెల్ మధ్యలో ఉంటుంది కాబట్టి వాటి మధ్య హ్యాండోవర్లే ఉండవు, వాడకం లేదని ఆటోమేటిక్ ఫంక్షన్ ఆ సంబంధాన్ని తీసేస్తుంది. వాటికి తొలగించవద్దని గుర్తు పెట్టండి. పునరావాస శిబిరాలకు పడవల్లో తరలే జనం చేతుల్లో ఉన్న ఫోన్లు అప్పుడు ఆ సంబంధం మీదే ఆధారపడతాయి.

తీర్థాలప్పుడు లెక్క వేరు. మాఘంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం. జనం వచ్చే దారుల వెంట కాంటెక్స్ట్ సెటప్ ఫెయిల్యూర్లు రేడియో వనరులు లేవనే కారణంతో పెరుగుతాయి. అప్పుడు ఆఫ్‌సెట్లు మార్చి ప్రయోజనం లేదు. హ్యాండోవర్ మీద వచ్చే ఫోన్లకు కొత్త కాల్స్ కంటే ముందు చోటు దక్కేలా అడ్మిషన్ సెట్టింగ్‌లో కొంత వాటా పక్కన పెట్టండి. సఖినేటిపల్లి రేవు వైపు సెల్స్‌కూ ఆ వాటా వర్తింపజేయండి, నరసాపురం నుంచి వచ్చే జనమంతా పంటు దిగేది అక్కడే. తీర్థం అయిన మర్నాడు పాత విలువలు తిరిగి పెట్టేయండి. ఏ సెల్‌లో ఏది మార్చారో తేదీతో సహా షీట్‌లో రాసి ఉంచితే, వచ్చే ఏడు ఆ పని ఎవరి చేతికి వచ్చినా ఆ షీట్ చూసి చేసుకోగలరు.